హన్మకొండ డాబాల మీద సూక్ష్మ ఉల్కలు: మా పని డైరీ

మేం ఆరుగురం. రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ సార్, మొబైల్ రిపేర్ షాపు నడిపే తమ్ముడు, బడిలో సైన్స్ చెప్పే అక్క, ఇద్దరు డిగ్రీ పిల్లలు, నేను. ఆకాశం నుంచి రాలే దుమ్ములో ఉండే 0.2 మి.మీ. సైజు గుండ్లను, అంటే సూక్ష్మ ఉల్కలను, మన ఊరి డాబాల మీద నుంచి ఏరడం, అవి నిజంగా పైనుంచి వచ్చినవో కాదో తేల్చడం మా పని. ఎలా మొదలైందో, ఎంత ఉత్సాహపడ్డామో ఇక్కడ రాయడం లేదు. కరీంనగర్‌లోనో జగిత్యాలలోనో ఎవరైనా ఇదే పని పెట్టుకుంటే పనికొచ్చేలా, ఏ దశలో ఏది చెడింది, దేన్ని ఎందుకు మార్చాం అన్నదే రాస్తున్నా.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. గుండ్లు దొరకడం కష్టమేం కాదు, కుప్పలుగా దొరుకుతాయి. దాదాపు అన్నీ వెల్డింగ్ షాపువో, పటాకులవో, బొగ్గు బూడిదవో అయి ఉంటాయి. మన చుట్టుపక్కల పుట్టే దొంగ గుండ్లను ముందు గుర్తుపట్టడం రాకపోతే మిగతా పనంతా దండగే.

మొదలుపెట్టే ముందు లెక్క

అంటార్కిటికాలో డోమ్ సి అనే చోట మంచు కరిగించి, వడగట్టి చేసిన అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. భూమి మొత్తం మీద ఏడాదికి సుమారు 5,200 టన్నుల సూక్ష్మ ఉల్కల దుమ్ము నేలకు చేరుతోందని అందులో తేల్చారు. భూమి విస్తీర్ణం 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 10 మైక్రోగ్రాములు. 0.2 మి.మీ. వ్యాసం, 3 సాంద్రత ఉన్న గుండు బరువు దాదాపు 12.6 మైక్రోగ్రాములు. అంటే ఆ దుమ్మంతా ఈ సైజు గుండ్లే అనుకున్నా, చదరపు మీటరుకు ఏడాదికి నిండా ఒకటి రాదు. నిజానికి ఆ బరువు చిన్నా పెద్దా అన్ని సైజులకూ పంచాలి కాబట్టి మనకు కావలసినవి ఇంకా తక్కువ.

రెండో కొలత నార్వే జాజ్ సంగీతకారుడు యోన్ లార్సెన్ పని నుంచి తీసుకున్నాం. ఊళ్ల డాబాల మీద సూక్ష్మ ఉల్కలు ఏరడం కుదరని పని అని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. ఆయన లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మాథ్యూ గెంజ్ బృందంతో కలిసి 2017లో ఇచ్చిన పత్రంలో, ఓస్లో, పారిస్, బెర్లిన్ లాంటి నగరాల కప్పుల మీది 300 కిలోల చెత్తలో 500 సూక్ష్మ ఉల్కలు దొరికాయని చూపించారు. కిలోకి రెండు కూడా కాదు. ఎవరైనా ఒక డాబా ఊడ్చి పిడికెడు దొరికాయంటే నవ్వి ఊరుకోండి.

దశ 1: డాబా ఎంపిక

మొదటిది (డాబా-ఎ) మా అపార్ట్‌మెంట్ డాబా, 220 చ.మీ. రెండోది (డాబా-బి) ఒక పాత బడి బిల్డింగు, 540 చ.మీ. మూడోది (డాబా-సి) మెయిన్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు. నాలుగోది (డాబా-డి) ధర్మసాగర్ వైపు ఒక ఊళ్లో ధాన్యం గోదాం, స్లాబు కప్పు.

సి ఎందుకూ పనికిరాలేదు. కప్పు పెద్దది, పిట్టగోడ ఎత్తు, వాన నీళ్ల గొట్టాలు రెండే, అంటే మట్టి నిలిచే చోటు. చూడటానికి నాలుగింట్లోకీ అదే బాగుంది. కానీ పైన ఇనుప ట్రస్సు వెల్డింగ్ అక్కడే చేశారు, పైగా ప్రతి బరాత్‌కీ గేటు దగ్గర పటాకులు. మాగ్నెట్‌కు అంటుకున్న సరుకు ఎంతో చూస్తే మీకే అర్థమవుతుంది: బడి డాబాలో 14.8 కిలోలకు 93 గ్రాములు, ఫంక్షన్ హాల్లో 9.1 కిలోలకు 212 గ్రాములు. ఆ 212 గ్రాములను ఏరకుండా అలాగే సీసాలో పెట్టేశాం. అది తర్వాత వేరే పనికి అక్కరకొచ్చింది (దశ 5 చూడండి).

ఇప్పుడు మేం డాబా చూసే తీరు ఇది:

1. చుట్టూ 100 మీటర్లలో వెల్డింగ్, గ్రిల్లుల షాపు, లేత్ షాపు ఉండొద్దు. ఎందుకో దశ 5లో రాశా.
2. రేకుల కప్పు వద్దు. తుప్పు పొలుసులు మాగ్నెట్‌ను కప్పేస్తాయి.
3. డాబా మీద ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలతో కట్టిన గది, వాటర్ ట్యాంకు దిమ్మె ఉంటే వద్దు.
4. పిట్టగోడ ఉండాలి, గొట్టాలు తక్కువ ఉండాలి. మనకు ఏడాదికి 1000 మి.మీ. దాకా వాన పడుతుంది, అందులో ఎక్కువ జూన్–సెప్టెంబర్ మధ్యే. పిట్టగోడ లేని డాబా మీద ఏమీ మిగలదు.
5. ఓనరును అడిగి, ఆఖరుసారి ఎప్పుడు ఊడ్చారో రాసుకోవాలి. బి మీద ఎవరూ ఊడ్చిన గుర్తు లేదన్నారు. ఎ మీద మా వాచ్‌మన్ వారం వారం ఊడ్చేవాడట, అది మాకు పని అయిపోయాక తెలిసింది.

డాబా మొత్తం ఊడ్వనక్కర్లేదు. గొట్టం మూతి చుట్టూ రెండు మీటర్లు, పిట్టగోడ మొదళ్లు, పగుళ్లు చాలు. మెత్తని చీపురు, పాత పెయింట్ బ్రష్, ప్లాస్టిక్ చేట. ఇనుప తట్ట ముట్టుకోవద్దు.

ఇప్పటిదాకా మొత్తం: ఎ 6.4 + బి 14.8 + సి 9.1 + డి 11.7 = 42.0 కిలోల చెత్త.

దశ 2: కడగడం, జల్లించడం

చెత్తలో సగం ఆకులు, పావురాల రెట్ట, నాచు. సర్ఫ్ వేసిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లారి బియ్యం కడిగినట్టు కలిపి పైనీళ్లు వంపేయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా అదే పని. బరువైనవి అడుగున ఉంటాయి కాబట్టి భయం లేదు, కానీ వంపే ముందు పది లెక్కపెట్టేంతసేపు ఆగాలి.

ఇక్కడ చెడినవి రెండు. ఒకటి, ఇనుప బకెట్. లోపలి తుప్పు మొదటి బ్యాచ్ నిండా చేరింది, ఆ బ్యాచ్‌ను మళ్లీ మొదటినుంచి కడగాల్సి వచ్చింది. ప్లాస్టిక్ టబ్బులకు మారాం. స్టీలు పీచుతో టబ్బు తోమొద్దు, దాని ముక్కలు మైక్రోస్కోప్ కింద మెరుస్తూ తయారవుతాయి. రెండు, జల్లెడ. మైదా జల్లెడతో మొదలుపెట్టాం, దాని కన్ను ఎంతో ఎవరికీ తెలియదు, రెండు షాపుల్లో రెండు రకాలు. పాత చున్నీ గుడ్డ తడికి సాగింది. చివరికి సివిల్ ఇంజనీరింగ్ ల్యాబులకు సామాను అమ్మే షాపులో ఇత్తడి జల్లెడలు రెండు కొన్నాం, ఒకటి 400 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), ఒకటి 150. పైదాని మీద నిలిచింది పారేస్తాం, కిందదాని గుండా జారింది పారేస్తాం, మధ్యలోదే సరుకు.

150 కన్నా చిన్నవాటిలోనూ అసలు గుండ్లు ఉంటాయి. అయినా వదిలేస్తున్నాం. ఎందుకంటే ఊరి కాలుష్యంలో చిన్న గుండ్లే ఎక్కువ, గాలికి దూరం వెళ్లేవీ అవే.

ఖర్చు: జల్లెడలు 1,700, టబ్బులు, బ్రష్‌లు వగైరా 640. మొత్తం రూ. 2,340.

దశ 3: మాగ్నెట్

సూక్ష్మ ఉల్కల్లో చాలావాటిలో మాగ్నెటైట్ అనే నల్లని ఇనుప ఖనిజం ఉంటుంది, అందుకని మాగ్నెట్‌కు వస్తాయి. గాజులాంటి రకం కొన్ని రావు, వాటిని వదులుకున్నట్టే. పాడైన హార్డ్ డిస్కుల నుంచి తమ్ముడు తీసిచ్చిన మాగ్నెట్లు సరిపోయాయి. మరీ సరిపోయాయి కూడా: నేరుగా పెడితే ఇసుకలో నల్ల రేణువులన్నీ ఎగబడి వస్తున్నాయి. మన గ్రానైట్ నేలలో, గోదావరి, మానేరు ఇసుకలో మాగ్నెటైట్ బాగా ఉంటుంది, కట్టడాల ఇసుక నుంచి అది డాబా మీదికీ చేరుతుంది.

మాగ్నెట్‌ను జిప్ కవర్లో పెట్టి, కింద 6 మి.మీ. మందం అట్ట అడ్డం పెట్టి లాగితే ఎ డాబా సరుకు 61 గ్రాముల నుంచి 38కి తగ్గింది. మిగిలిన 23 గ్రాములను ఊరికే పారేయకుండా కొంత చూశాం, గుండ్లు కనబడలేదు. అట్టతోనే సాగుతున్నాం.

మొత్తం: ఎ 38 + బి 93 + సి 212 + డి 44 = 387 గ్రాములు.

దశ 4: మైక్రోస్కోప్, దొర్లించడం

లెక్క వేస్తే భయమేస్తుంది. 0.25 మి.మీ. మాగ్నెటైట్ రేణువు 40 మైక్రోగ్రాములు ఉంటుంది. 38 గ్రాములంటే దాదాపు పది లక్షల రేణువులు. ఒక్కోటి చూసుకుంటూ పోతే ఎవరి కళ్లూ మిగలవు.

సార్ చెప్పిన ఉపాయం దొర్లించడం. అద్దం పలకను కొంచెం వాలుగా పెట్టి, పై అంచున చిటికెడు సరుకు పోసి, పెన్సిల్‌తో పలకను సన్నగా తట్టాలి. గుండ్రంగా ఉన్నవి కిందికి దొర్లిపోతాయి, కోసులున్నవి ఆగిపోతాయి. వాలు ఎంతన్నది తేలడానికి టైం పట్టింది. 8 డిగ్రీల దగ్గర ఏమీ కదల్లేదు, 20 దగ్గర అన్నీ జారాయి. 13 మా పలకకు సరిపోయింది. ఫోన్లో వాలు చూపించే యాప్ చాలు. పది లక్షల రేణువులు ఒక పూటలో రెండు మూడు వేలకు దిగుతాయి. నష్టం లేకపోలేదు: అన్ని సూక్ష్మ ఉల్కలూ గుండ్రంగా ఉండవు, సగం కరిగినవి, గరుకువి పలక మీదే ఉండిపోతాయి. ఇప్పటికి గుండ్రటివి చాలనుకున్నాం.

మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు. ఫ్యాను వేస్తే సరుకు ఎగిరిపోతుంది, వేయకపోతే 44 డిగ్రీల్లో చెమట చుక్క పలక మీద పడుతుంది. ఆ పొడి గాలికి ప్లాస్టిక్ డబ్బాల్లో స్టాటిక్ పుట్టి గుండ్లు మూతకు అతుక్కుంటాయి. వానాకాలంలో దీనికి ఉల్టా, అన్నీ ముద్ద కడతాయి, వాడే ముందు స్టీలు పళ్లెంలో వేసి సన్నమంట మీద ఆరబెట్టాలి. దసరా నుంచి సంక్రాంతి దాకా అన్నిటికన్నా హాయి.

కంప్యూటర్‌కు తగిలించే చిన్న మైక్రోస్కోప్ రూ. 1,900 దండగ. పెట్టె మీద వెయ్యి రెట్లని రాశారు, కానీ గుండు మీద లైటు పడి తెల్లటి చుక్క తప్ప ఇంకేం కనబడదు. సెకండ్ హ్యాండ్ స్టీరియో మైక్రోస్కోప్ రూ. 11,500కు దొరికాక పని కదిలింది. 40 రెట్లు చాలు. లైటు పక్కనుంచి వేయాలి, ముందు టిష్యూ కాగితం అడ్డం పెట్టాలి, అప్పుడే పైపొర కనబడుతుంది.

గుండును ఎత్తడం వేరే విద్య. పట్టకారుతో పట్టుకుంటే టక్కున ఎగిరి పోతుంది, ఇక దొరకదు. టూత్‌పిక్ కొనను బ్లేడుతో ఇంకా సన్నగా చెక్కి, ముక్కు పక్కన ఒకసారి రాసుకుంటే అంటుకునే జిడ్డు చాలు. గుండు దానికదే అంటుకుంటుంది. దించడానికి మొదట రెండువైపులా అంటుకునే టేపు వాడాం, కానీ మళ్లీ తీయబోతే జిగురు గుండు మీద మిగిలిపోతోంది. ఇప్పుడు తుమ్మ జిగురు పలచగా కలిపి అట్ట మీద పూసి ఆరనిస్తాం. గుండు పెట్టేచోట తడి కొన తాకిస్తే అతుకుతుంది, మళ్లీ కావాలంటే చుక్క నీటితో ఊడొస్తుంది. కాగితం మీద 5 మి.మీ. గళ్లు గీసి, ప్రతి గడికీ డాబా అక్షరం, నంబరు రాస్తాం.

ఖర్చు ఇప్పటిదాకా: రూ. 15,740.

దశ 5: దొంగ గుండ్ల పెట్టె

ఎ, బి డాబాలు అయ్యాక మా దగ్గర అందమైన నల్ల గుండ్లు వందకు పైగా ఉన్నాయి. ఫొటోలు చూసి అందరూ శెభాష్ అన్నారు. అక్క ఒక్కతే అడిగింది: "ఇవి వెల్డింగువి కావని ఎట్ల చెప్తారు?" ఎవరి దగ్గరా జవాబు లేదు. అక్కడ ఏరడం ఆపేసి, ముందు దొంగ గుండ్లను వాటి పుట్టిన చోటే పట్టుకోవాలని తీర్మానించాం. మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ టైం పట్టింది ఇక్కడే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ దశను మొట్టమొదటే చేయండి.

మందుల షాపులో ఏడు గళ్ల మాత్రల డబ్బా కొని, ఒక్కో గడిలో ఒక్కో రకం పెట్టాం:

1. వెల్డింగ్ షాపు నేల ఊడ్పు. నల్లగా, అద్దంలా మెరిసే గుండ్లు. చాలావాటికి బొక్క ఉంటుంది, లోపల డొల్ల. కొన్నిటికి తోక.
2. కటింగ్ వీలు నిప్పురవ్వలు. ఎక్కువ 100 మైక్రాన్ల లోపే, మధ్యలో మెలికలు తిరిగిన ఇనుప పీచు కనబడుతుంది.
3. కాకరపువ్వొత్తులు. ఒక పెట్టె పళ్లెం మీద కాల్చి ఏరాం. నల్ల గుండ్ల మీద బూడిదరంగు పొర. వీటి మందులో ఇనుప రజను, అల్యూమినియం ఉంటాయి.
4. బొగ్గు బూడిద. ఫ్లై యాష్ ఇటుకను నీళ్లలో నలిపి తీశాం. తెల్లటి బోలు గుండ్లతో పాటు మాగ్నెట్‌కు వచ్చే నల్లవీ ఉంటాయి. వాటి మీద మాగ్నెటైట్ కొమ్మలు కొమ్మలుగా గట్టిపడి, అచ్చం అసలువాటిలాగే ఉంటుంది.
5. కాజీపేట వైపు పట్టాల పక్క మట్టి. పొలుసులు ఎక్కువ, గుండ్లు చిన్నవి.
6. రోడ్డు మీద తెల్ల గీతల పెయింట్‌లో కలిపే గాజు పూసలు. తళతళలాడతాయి, మాగ్నెట్‌కు రావు, కానీ చెప్పులకు అంటి డాబా దాకా వస్తాయి.
7. కట్టడాల ఇసుకలోని నునుపుదేలిన మాగ్నెటైట్ గింజలు.

రైస్ మిల్లు ఊక బూడిదకు కూడా గడి కేటాయించాలనుకున్నాం. అది ఎక్కువగా సిలికా, మాగ్నెట్‌కు రాదు, కడగడంలోనే పోతుంది. అక్కర్లేదని వదిలేశాం.

ఇక రెండు కొలతలు. మొదటిది దీపావళి. డాబా-ఎ మీద ఒకే మూలను పండుగ ముందు, పండుగ తర్వాత ఊడ్చాం. మాగ్నెట్ సరుకు ఒక్కో గ్రాముకు గుండ్రటివి లెక్కపెట్టాం: ముందు 11, తర్వాత 64. అప్పటినుంచి దీపావళికి ముందు ఊడ్చిన సరుకు, తర్వాతది ఎప్పుడూ కలపడం లేదు.

రెండోది వెల్డింగ్ దూరం. ఒక గ్రిల్లుల షాపు నుంచి గాలివాటు వైపు వ్యాజ్‌లిన్ రాసిన గాజు పలకలు పెట్టాం. 150 మైక్రాన్లు దాటిన గుండ్లు 5 మీటర్ల దగ్గర 38, 20 మీటర్ల దగ్గర 5, 60 మీటర్ల దగ్గర సున్న. చిన్నవి మాత్రం 60 దగ్గర కూడా డజను పడ్డాయి. కారణం తేలికే: 0.2 మి.మీ. ఇనుప గుండు గాలిలో సెకనుకు 2–3 మీటర్ల వేగంతో పడిపోతుంది, మామూలు గాలి దాన్ని ఎక్కువ దూరం మోయలేదు. 20 మైక్రాన్లది అయితే తేలుతూ పోతుంది. రామగుండం చిమ్నీ బూడిద మన దాకా వస్తే అది కూడా చిన్న సైజే అయి ఉండాలి. దశ 1లో 100 మీటర్ల నియమం, దశ 2లో 150 మైక్రాన్ల నియమం రెండూ ఇక్కడి నుంచి వచ్చినవే. ఈ రెండు కలిస్తే దొంగ గుండ్లలో ముప్పాతిక డాబా ఎక్కక ముందే పోతాయి.

మిగిలిన పాతిక కోసం, ఫంక్షన్ హాలు సీసా ఉంది కదా, ఆ 212 గ్రాములను శిక్షణ సరుకుగా పెట్టుకున్నాం. కొత్తగా మైక్రోస్కోప్ దగ్గర కూర్చునేవాళ్లు ముందు అందులోంచి వంద గుండ్లు ఏరి, పెట్టెతో పోల్చి, ఏది ఏ గడిదో చెప్పాలి. ఆ తర్వాతే డాబా-డి సరుకు చేతికిస్తాం.

అసలు గుండుకు మేం పెట్టుకున్న గుర్తులు: మెరుపు తక్కువగా ఉండాలి, పూర్తి గుండ్రం కాకుండా కాస్త కోలగా ఉన్నా ఫర్వాలేదు, పైన సమాంతరంగా సన్నని చారలు గానీ చిన్న చిన్న స్ఫటికాలు గానీ కనబడాలి. చారలు ఒలివిన్ అనే ఖనిజం స్ఫటికాలు. రేణువు సెకనుకు కనీసం 11 కి.మీ. వేగంతో వాతావరణంలోకి దూరి, ఎనభై తొంభై కిలోమీటర్ల ఎత్తులో కరిగి, కొన్ని సెకన్లలోనే మళ్లీ గట్టిపడితే ఏర్పడేవి. ఒక్కోసారి ఒక పక్కన నికెల్ కలిసిన ఇనుప బొట్టు ఉబ్బి ఉంటుంది. అది కనబడితే గోల చేయొచ్చు.

ఈ గుర్తులతో పాత వంద గుండ్లను మళ్లీ చూశాం. మిగిలినవి 7. డి డాబాలో 12.

మొత్తం: 42.0 కిలోలు, 387 గ్రాములు, అనుమానితులు 19.

దశ 6: జనం తెచ్చే రాళ్లు

మేం చేస్తున్న పని నలుగురికీ తెలిసాక పెద్ద రాళ్లు రావడం మొదలైంది. "సార్, గిది చెలక దున్నంగ దొరికింది, బగ్గ బరువున్నది, అయస్కాంతం పట్టుకుంటున్నది" అని ఒక పెద్దాయన సంచిలో తెచ్చాడు. కాదని తిప్పి పంపడం సులువే, కానీ ఎందుకు కాదో చూపించగలగాలి. మేం పెట్టుకున్న వరస:

1. చిన్న మాగ్నెట్‌ను దారానికి కట్టి దగ్గరికి తీసుకెళ్లాలి. బలమైన మాగ్నెట్ రాయికి ఆనించొద్దు. నిజంగా ఉల్కాశిల అయితే అందులో దాచుకున్న పాత అయస్కాంత గుర్తు చెరిగిపోతుంది.
2. బాత్రూం టైలు వెనక, పూత లేని వైపు రాయిని గీయాలి. ఎర్రటి గీత పడితే హెమటైట్ (ఇంకో ఇనుప ఖనిజం), నల్లటి గీత అయితే మాగ్నెటైట్. మామూలు ఉల్కాశిల ఇంచుమించు గీతే వేయదు.
3. సాంద్రత. గాలిలో బరువు, దారంతో నీళ్లలో వేలాడదీసినప్పుడు తగ్గిన బరువు. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి.
4. ఒక మూల ఎమెరీ కాగితంతో అరగదీసి లెన్సుతో చూడాలి.

పెద్దాయన రాయి 842 గ్రాములు, నీళ్లలో 231 తగ్గింది. 3.65. టెన్షన్ అక్కడే. మామూలు రాతి ఉల్కాశిలలు సరిగ్గా ఈ 3.2–3.8 మధ్యే ఉంటాయి. మన గ్రానైట్ 2.7 దాటదు, గుట్టల మధ్య నల్లగా పారే డోలరైట్ రాయి 3 దగ్గర. బయ్యారం వైపు నుంచి వచ్చే ఇనుప రాయి 4 పైన. మరి ఇదేంటి?

అరగదీస్తే బుడగల బొక్కలు కనబడ్డాయి. చిట్టెం. పాతకాలం కొలిమిలో ఇనుము తీసినప్పుడు మిగిలేది. ఉల్కాశిలలో బుడగలు ఉండవనే చెప్పాలి. ఉత్తర తెలంగాణలో చిట్టెం దిబ్బలు లేని మండలం తక్కువ. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు, అక్కడి పనిని వాయ్‌సీ అనే ఆయన చూసి రాసింది 1832లో అచ్చయింది. కాబట్టి చెలకలో బరువైన, నల్లని, మాగ్నెట్‌కు వచ్చే రాయి దొరికిందంటే మన దగ్గర మొదటి అనుమానం చిట్టెం మీదే ఉండాలి. సాంద్రత ఒక్కటే చూసి ఎగిరిపడితే మునిగినట్టే.

ఇంకో చిక్కు. కొన్ని చిట్టెం ముక్కల్లో నిజమైన ఇనుప బొట్లు ఉంటాయి, అరగదీస్తే ఉల్కాశిలలోలాగే తళుక్కుమంటాయి. అప్పుడు నికెల్ పరీక్ష: డైమిథైల్ గ్లయాక్సిమ్ ద్రావణం, అమ్మోనియా, దూది పుల్ల. నికెల్ ఉంటే గులాబీ రంగు తిరుగుతుంది. కొలిమి ఇనుములో నికెల్ ఉండదు, ఉల్కల ఇనుములో మామూలుగా 5 శాతానికి తగ్గదు. పరీక్ష పనిచేస్తోందో లేదో చూడటానికి నికెల్ కలిసిన పాత రూపాయి బిళ్ల వాడాం. కిటికీలు తెరిచి చేయండి, అమ్మోనియా ఘాటు మామూలుగా ఉండదు.

ఇప్పటిదాకా వచ్చిన రాళ్లు 27: చిట్టెం 14, డోలరైట్ 6, ఇనుప రాయి 5, రుబ్బురోలు ముక్క 1, మిల్లులో విరిగిన పోత ఇనుము 1. ఉల్కాశిల లేదు. ఉంటే బండ్లగూడలోని జియోలాజికల్ సర్వే ఆఫీసుకు చెప్పాలని ముందే అనుకున్నాం. మన దేశంలో పడిన ఉల్కాశిలలను చూసుకునేది వాళ్లే. తెలుగు నేల మీద పడుతుండగా చూసినవి లేకపోలేదు, 1870 జనవరిలో విజయనగరం వైపు నెడగొల్లలో పడింది ఏకంగా ఇనుప ఉల్కాశిల. కానీ అలాంటిది ఎవరి చెలకలోనో దొరుకుతుందని కాచుకు కూర్చుంటే పని సాగదు.

ఖర్చు: 0.01 గ్రాము తూకం 900, కెమికల్స్ 720. మొత్తం రూ. 17,360.

దశ 7: ల్యాబ్

మన కంటికి ఎంత ముద్దొచ్చినా, లోపల ఏమున్నదో తెలియకుండా గుండును సూక్ష్మ ఉల్క అనకూడదు. దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, మూలకాలు చూపించే ఎక్స్‌రే పరికరం కావాలి. హైదరాబాద్‌లో బయటివాళ్లకు గంటల లెక్కన ఇచ్చే ల్యాబ్ ఒకటి దొరికింది. 19లోంచి 8 పంపాం, బి నుంచి 3, డి నుంచి 5. ఫీజు రూ. 4,000. పంపే ముందు చేయాల్సింది: తుమ్మ జిగురు పూర్తిగా కడిగేయాలి, లేకపోతే కార్బన్ ఎక్కువ చూపిస్తుంది. ఎనిమిదీ ఒకే దిమ్మె మీద, ఒక అంచున గీత గీసి, ఆ గీత నుంచి నంబర్ల పటం గీసి పంపాలి. పటం లేకుండా వెళ్తే ఏది ఏదో ఎవరికీ తెలియదు.

వచ్చిన ఫలితం:

- డి-3, డి-7: మెగ్నీషియం, సిలికాన్, ఇనుము ఎక్కువ, కాల్షియం, అల్యూమినియం కొద్దిగా, సోడియం దాదాపు లేదు. ఒలివిన్ చారలు, మధ్యలో మాగ్నెటైట్ గింజలు. అసలువి.
- డి-9: ఇవే మూలకాలు, స్ఫటికాలు చాలా సన్నం, పక్కన నికెల్ ఉన్న బొట్టు. అసలుది.
- బి-1, బి-4, డి-2: మాంగనీస్, టైటానియం. వెల్డింగ్ రాడ్డు పూతలో ఉండేవే. బి-4 మీద చారలు కూడా ఉన్నాయి, ఆరుగురం దాన్నే మొదటి స్థానంలో పెట్టాం.
- బి-6: అల్యూమినియం, సిలికాన్. బొగ్గు బూడిద, 150 దాటిన అరుదైనది.
- డి-11: టైటానియం కలిసిన మాగ్నెటైట్. ఇసుక గింజ.

బి డాబా నుంచి ఒక్కటీ నిలవలేదు. చుట్టుపక్కల చూస్తే బడి గోడ అవతల పాత సైకిల్ రిపేర్ షెడ్డు ఉండేదని, అందులో గ్యాస్ వెల్డింగ్‌తో పాటు కరెంటు వెల్డింగూ చేసేవారని తెలిసింది. షెడ్డు తీసేసి చాలా ఏళ్లయింది, గుండ్లు మాత్రం పిట్టగోడ మొదట్లో అలాగే ఉన్నాయి. అందుకని దశ 1 మొదటి నియమానికి ఒక మాట చేర్చాం: ఇప్పుడున్న షాపులే కాదు, ఇదివరకు ఉన్నవి కూడా అడగాలి.

లార్సెన్ లెక్కలో 42 కిలోలకు 70 రావాలి. మా దగ్గర తేలినవి 3. మిగిలిన 11లో ఇంకో నాలుగు నిలిచినా పదో వంతే. గుండ్రనివి మాత్రమే దొర్లించి తీయడం ఒక కారణం, ఎ డాబాను వారం వారం ఊడ్వడం, సి మొత్తాన్ని పక్కన పెట్టడం ఇంకో కారణం. కానీ పెద్ద కారణం వానలే అని నా అనుమానం, సార్ ఒప్పుకోవడం లేదు. ఒక్క జూలై వానకే గొట్టం గుండా ఎంత మట్టి పోతుందో కొలిస్తే తేలుతుంది.

మొత్తం: 42.0 కిలోలు, 387 గ్రాములు, అనుమానితులు 19, పరీక్షించినవి 8, తేలినవి 3. ఖర్చు రూ. 21,360, అంటే ఒక్కో అసలు గుండుకు ఏడు వేల పైచిలుకు. ఇంట్లో ఈ లైను చదివి వినిపించలేదు.

ఇప్పుడు నడుస్తున్నది

గోదాం వాన గొట్టానికి కింద నైలాన్ సంచి కట్టాం, కన్ను 150 మైక్రాన్లు. మొదటి వానకే ఆకులు అడ్డం పడి సంచి నిండి చిరిగింది. గొట్టం మూతి దగ్గర పైన దోమతెర గుడ్డ, దాని కింద ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము, డ్రమ్ము పక్క నుంచి నీళ్లు పోయేలా బెజ్జం, అడుగున మట్టి నిలిచేలా మార్చాం. డ్రమ్ము బరువుకు గొట్టం క్లాంపు ఊడింది, ఇప్పుడు ఇటుకల దిమ్మె మీద కూర్చోబెట్టాం (మట్టి ఇటుకలు, ఫ్లై యాష్‌వి కావు). ప్రతి పెద్ద వాన తర్వాత అడుగు మట్టిని విడిగా కవరు చేసి, తేదీ, వాన మి.మీ. రాస్తున్నాం. మొదటి కవరు 310 గ్రాములు, ఇంకా కడగలేదు. మిగిలిన 11 గుండ్లకు ల్యాబ్ టైం డిసెంబర్‌లో ఇచ్చారు. డి డాబా ఓనరు పైన రేకుల షెడ్డు వేస్తానంటున్నాడు, వెల్డింగ్ కింద నేల మీద చేయించి బోల్టులతో బిగించమని బతిమాలుతున్నాం.